ఎర్రర్ కోడ్ అంటే ఏమిటి? ప్రోగ్రాం దాన్ని పట్టించుకోకపోతే ఏమవుతుంది?

కంప్యూటర్‌లో నడిచే సాధారణ ప్రోగ్రాం ఏదీ డిస్కును నేరుగా తాకదు. ఫైలు తెరవాలన్నా, సమాచారం భద్రపరచాలన్నా ఆపరేటింగ్ సిస్టమ్‌ను కోరాలి. ఈ కోరికను సిస్టమ్ కాల్ అంటారు. పని జరిగిందా, లేదా, ఎందుకు జరగలేదు అన్నది సిస్టమ్ ఒక సంఖ్య రూపంలో తెలుపుతుంది. దాన్ని చూడకుండా ముందుకు సాగే ప్రోగ్రాం, భద్రపడని సమాచారం భద్రపడిందని వినియోగదారును నమ్మిస్తుంది. అది బ్యాంకు ఖాతా వివరమైనా, రోగి వైద్య నివేదికైనా కావచ్చు.

ఒకే అర్థం, వేర్వేరు సంఖ్యలు

లినక్స్‌లో సిస్టమ్ కాల్ విఫలమైతే సి భాషలో రాసిన ప్రోగ్రాముకు సాధారణంగా మైనస్ 1 అందుతుంది. కారణం ‘ఎర్‌నో’లో నమోదవుతుంది. అక్కడ 2 అంటే ఫైలు లేదని, 13 అంటే అనుమతి లేదని, 28 అంటే డిస్కులో చోటు లేదని అర్థం. విండోస్‌లో అనుమతి నిరాకరణకు సంఖ్య 5. 1977లో ప్రకటించిన వీఎంఎస్‌లో బేసి సంఖ్య విజయాన్ని, సరి సంఖ్య హెచ్చరికనో లోపాన్నో సూచిస్తుంది. అందువల్ల ప్రోగ్రాములో సంఖ్యలకు బదులు, ఆయా సిస్టమ్‌లు నిర్వచించిన పేర్లనే వాడాలి. తరువాతి కాల్ ఎర్‌నోను మార్చివేయవచ్చు కనుక దాన్ని వెంటనే చదవాలి.

ఏ లోపానికి ఏ స్పందన?

సిగ్నల్ వల్ల పని మధ్యలో ఆగిందని తెలిపే 4 వస్తే, చాలా సందర్భాలలో మళ్లీ ప్రయత్నించవచ్చు. 13 లేదా 28 వస్తే, పరిస్థితి మారనంత వరకు ఎన్నిసార్లు అడిగినా ఫలితం అదే. అప్పుడు వినియోగదారుకు విషయం తెలపాలి. విజయంలోనూ మెలిక ఉంది: ‘రైట్’ కాల్ కోరినదానికన్నా తక్కువ బైట్లు రాసి, ఆ సంఖ్యనే తిరిగి ఇవ్వవచ్చు. మిగిలినది రాయవలసిన బాధ్యత ప్రోగ్రాముదే.

పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ నేర్చుకున్న పాఠం

రాసిన సమాచారం మొదట మెమరీలో ఉంటుంది. దాన్ని డిస్కుకు చేర్చమని కోరే కాల్ ‘ఎఫ్‌సింక్’. ఇది విఫలమైతే మళ్లీ ప్రయత్నిస్తే చాలునని ప్రసిద్ధ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ చాలాకాలం భావించింది. అయితే లినక్స్‌లో మొదటి ప్రయత్నం విఫలమయ్యాక, సమాచారం డిస్కుకు చేరకపోయినా రెండో ప్రయత్నం విజయం చూపవచ్చని 2018లో ఆ బృందం దృష్టికి వచ్చింది. 2019 ఫిబ్రవరిలో విడుదలైన సవరణలతో, ఎఫ్‌సింక్ విఫలమైతే డేటాబేస్ వెంటనే తనంతట తాను ఆగి, ముందుగా రాసి ఉంచుకున్న లాగ్ ఆధారంగా సమాచారాన్ని పునరుద్ధరించుకుంటుంది.

తప్పుడు విజయాన్ని ప్రకటించడం కన్నా ఆగిపోవడమే క్షేమమని ఈ ఉదంతం తెలుపుతోంది. ఆగేముందు ఏ పని, ఏ ఫైలు వద్ద, ఏ కారణంతో విఫలమైందో నమోదు చేస్తే, సరిదిద్దేవారికి వెతుకులాట తప్పుతుంది.