ఫ్లోచార్టు నుంచి మాడ్యూలు దాకా: సాఫ్ట్‌వేర్ రూపకల్పన తొలి పాతికేళ్లు

కంప్యూటరుకు ఆదేశాలు రాయబోయే ముందు పని నడకను కాగితం మీద గీసుకోవాలన్న పద్ధతికి శాస్త్రీయ రూపమిచ్చినవారు ప్రిన్స్‌టన్‌లోని ఇన్‌స్టిట్యూట్ ఫర్ అడ్వాన్స్‌డ్ స్టడీకి చెందిన హెర్మన్ గోల్డ్‌స్టైన్, జాన్ వాన్ న్యూమన్. 1947 నుంచి వెలువడిన వారి నివేదికలు గణన ఎక్కడ చీలుతుందో, ఎక్కడ వెనక్కి మళ్లుతుందో గడులతోనూ బాణపు గీతలతోనూ చూపాయి. తర్వాతి కాలంలో ఫ్లోచార్టుగా స్థిరపడినది ఆ చిత్రమే.

ప్రోగ్రాములు చిన్నవిగా ఉన్నంత కాలం ఈ పద్ధతి సరిపోయింది. 1960లలో ఐబీఎం తన 360 శ్రేణి యంత్రాల కోసం తలపెట్టిన ఆపరేటింగ్ సిస్టమ్ వంటి పనులకు వందలాది మంది అవసరమైనప్పుడు, ఏ ఒక్కరి బుర్రకూ పూర్తిగా అందని వ్యవస్థను ఇంతమందికి ఎలా పంచాలన్న ప్రశ్న తలెత్తింది. 1968 అక్టోబరులో జర్మనీలోని గార్మిష్‌లో నాటో విజ్ఞాన కమిటీ ఆధ్వర్యంలో జరిగిన సమావేశం ఈ సంక్షోభాన్ని బాహాటంగా చర్చించింది.

ఆ ప్రశ్నకు లోతైన సమాధానం కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఉన్న డేవిడ్ పార్నాస్ 1972లో ప్రచురించిన వ్యాసంలో కనిపిస్తుంది. ఆయన ఉదాహరణ ఒక పదసూచిక: ప్రతి పంక్తిలోనూ మొదటి పదాన్ని చివరికి చేరుస్తూ పోయి, వచ్చిన రూపాలన్నిటినీ అకారాది క్రమంలో పేర్చాలి. ‘తెలుగు నాటక చరిత్ర’ అన్న పంక్తి ‘నాటక చరిత్ర తెలుగు’గానూ, ‘చరిత్ర తెలుగు నాటక’గానూ కూడా నమోదైతే, ఏ పదంతో వెదికినా అది దొరుకుతుంది. ఫ్లోచార్టును అనుసరిస్తే ఈ పని చదవడం, తిప్పడం, పేర్చడం, అచ్చువేయడం, వీటన్నిటినీ నడిపించడం అనే ఐదు మాడ్యూళ్లుగా, అంటే విడివిడిగా రాయదగిన భాగాలుగా, విడిపోతుంది. ఈ విభజన చూడటానికి సహజంగానే ఉన్నా, అక్షరాలు మెమరీలో ఏ అమరికలో ఉన్నాయో అన్ని భాగాలకూ తెలిసి ఉండవలసి రావడంతో, ఆ అమరికను మార్చిననాడు అన్నిటినీ దిద్దుకోవలసి వస్తుంది. ఆయన ప్రతిపాదించిన రెండో విభజనలో, మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయాన్ని ఒక్కో మాడ్యూలు తనలోనే దాచుకుంటుంది; పంక్తుల నిల్వ ఒకే మాడ్యూలు బాధ్యత కాగా, మిగిలినవి దాన్ని అడిగి తెలుసుకుంటాయే గాని లోపలికి తొంగిచూడవు. సమాచార గోపనం అనే సూత్రం ఇదే. యంత్రంలో పని జరిగే వరుసకూ, ఆ పనిని మనుషులు పంచుకోవలసిన తీరుకూ ఉన్న తేడాను, మంచి ప్రోగ్రామరు ఒకటి రెండు వారాల్లో ముగించగల సమస్యతో ఇంత స్పష్టంగా చూపడమే ఆ వ్యాసపు ఘనత.

దీనికి చెల్లించవలసిన మూల్యాన్ని కూడా పార్నాస్ దాచలేదు. మాడ్యూళ్లు ఒకదాన్నొకటి మాటిమాటికీ పిలవడం వల్ల వేగం తగ్గవచ్చునని చెప్పి, ఆ పిలుపుల స్థానంలో అసలు కోడ్‌నే చొప్పించే పనిముట్లు కావాలని ఆయన సూచించారు.