కుంచమూ, కొలిచేవాడూ – గట్టితట్టల సామర్థ్యం కథ

కొలతల గురించి తగవు మన ఉత్తరాంధ్రకు కొత్త కాదు. శ్రీకాకుళం, విజయనగరం పల్లెల్లో పంట కళ్ళంలో ఉన్నంతవరకూ అది రాశి. కుంచంలోకి ఎక్కితేనే అది లెక్క. ఆ కుంచం ఎవరిదన్నది అసలు ప్రశ్న. ఊరికో కుంచం, ఒక్కోచోట ఒకే ఇంట్లో పుచ్చుకునేందుకు ఒకటి, ఇచ్చేందుకు మరొకటి. ధాన్యాన్ని కుంచం మీద గోపురంలా నిలిపి కొలిచేవారొకరైతే, అంచువెంట కర్ర గీసి చదును చేసేవారొకరు. కుంచం ఒకటే అయినా గింజలు ఒకటి కావు. శిస్తునూ, కౌలునూ, కూలినీ ధాన్యంగా కొలిచిన జమీందారీ కాలంలో ఈ తేడా ఎవరి గాదె నింపిందో, ఎవరి గాదె ఖాళీ చేసిందో వేరే చెప్పనక్కరలేదు.

ఇదంతా ఇప్పుడెందుకంటారా? కంప్యూటరులో పెట్టిన పెద్ద గట్టితట్ట, అంటే అందరూ హార్డ్ డిస్క్ అనే వస్తువు, పెట్టె మీద ఒక సామర్థ్యం చెప్పి తెర మీద మరొకటి చూపించినప్పుడల్లా నాకు ఈ కుంచాలే గుర్తుకొస్తాయి. పోలిక వట్టి అలంకారం కాదు. మన పాత కొలమానాన్ని ఒక్కసారి నెమరు వేసుకోండి. పుట్టికి ఇరవై తూములు, తూముకు నాలుగు కుంచాలు. కుంచానికి రెండు అడ్డలు, అడ్డకు రెండు మానికలు, మానికకు రెండు తవ్వలు, తవ్వకు రెండు సోలలు, సోలకు నాలుగు గిద్దలు. కుంచం నుంచి గిద్ద దాకా అంతా రెట్టింపుల వరుసే. కుంచానికి సరిగ్గా 64 గిద్దలు. ఒక గిన్నెను సగానికి సగం చేసుకుంటూ పోవడం కళ్ళతో చెయ్యగలిగిన పని. పదో వంతు చెయ్యడం అంత తేలిక కాదు. కంప్యూటరు కూడా ఈ కారణంతోనే రెట్టింపుల్లో లెక్కపెడుతుంది. దానికి తెలిసినవి రెండే స్థితులు.

1956ను ఈ కథలో ఒక మైలురాయిగా చెప్పుకోవచ్చు. ఆ ఏడాది సెప్టెంబరులో ఐబీఎం సంస్థ ర్యామాక్ అనే యంత్రాన్ని ప్రకటించింది. ప్రపంచంలో మొట్టమొదటి గట్టితట్ట అందులోదే. యాభై పెద్ద పళ్ళేలు ఒకదానిమీద ఒకటి తిరిగితే అందులో పట్టేవి యాభై లక్షల అక్షరాలు. ఆ సంవత్సరమే మన దేశంలో తూనికలు కొలతల ప్రమాణాల చట్టం వచ్చింది. కుంచాన్నీ, మానికనూ తప్పించి లీటరునూ, కిలోనూ కూర్చోబెట్టే పని దానితో మొదలైంది. మరుసటి ఏడాది 1957 ఏప్రిల్ 1న అణాల స్థానంలో నయాపైసలు వచ్చాయి. ఇక్కడ రెట్టింపులు పోయి పదులు వస్తున్న రోజుల్లోనే అక్కడ రెట్టింపుల యంత్రం ఎదుగుతోంది.

తెర మీది అంకె తగ్గడానికి మొదటి కారణం ఈ రెండు పద్ధతుల మధ్య తేడాయే. తట్ట తయారుచేసేవారు గిగాబైటు అంటే నూరు కోట్ల బైట్లంటారు. విండోస్ 1024ను మూడుసార్లు హెచ్చవేసి 107 కోట్ల 37 లక్షల 41 వేల 824 బైట్లను గిగాబైటు అంటుంది. అందుకే 160 గిగాబైట్ల తట్ట 149గా, ఒక టెరాబైటు తట్ట 931 గిగాబైట్లుగా కనబడుతుంది. పోయిందేమీ లేదు, కుంచం మారిందంతే. ఈ గందరగోళం తీర్చడానికి అంతర్జాతీయ విద్యుత్ సాంకేతిక సంఘం 1998లో రెట్టింపుల లెక్కకు కిబి, మెబి, గిబి అనే కొత్త పేర్లు పెట్టింది. పేర్లయితే పెట్టారు గానీ అంగట్లో వాటిని పలికేవారు నేటికీ అరుదు. మన దగ్గర లీటరు వచ్చిన ఎన్నో ఏళ్ళ తరవాత కూడా బామ్మలు సోలెడు బియ్యమే పొయ్యమన్నట్టు!

ఇక రెండో కారణం ఇంత అమాయకమైనది కాదు. అది కొలతకు సంబంధించింది కాదు, చిరునామాకు సంబంధించింది.

తట్టమీద సమాచారం 512 బైట్ల చిన్న అరలుగా ఉంటుంది. ఏ అర కావాలో చెప్పడానికి తొలినాళ్ళలో మూడు అంకెలు వాడేవారు: ఎన్నో వలయం, ఎన్నో తల, ఎన్నో అర. ఐబీఎం పీసీలోని బయాస్ వలయానికి 10 బిట్లు, తలకు 8 బిట్లు, అరకు 6 బిట్లు కేటాయించింది. తట్టను కలిపే ఏటీఏ పద్ధతి మాత్రం వలయానికి 16, తలకు 4, అరకు 8 ఇచ్చింది. విడివిడిగా చూస్తే రెండూ ఉదారమైనవే. కలిసి పనిచెయ్యవలసి వచ్చినప్పుడు ప్రతిచోటా తక్కువదే చెల్లింది. 1024 వలయాలు, 16 తలలు, 63 అరలు. హెచ్చవేస్తే 52 కోట్ల 84 లక్షల 82 వేల 304 బైట్లు. 1990ల మొదట్లో ఎందరినో నిలిపివేసిన 528 మెగాబైట్ల గోడ ఇదే.

ఆరు బిట్లకు 64 రావాలి కదా, 63 ఎందుకని అడగవచ్చు. వలయాలనూ, తలలనూ సున్న నుంచి లెక్కపెట్టినవారు అరలను మాత్రం ఒకటి నుంచి లెక్కపెట్టారు. సున్న ఖాళీగా ఉండిపోయింది. మన కళ్ళాల్లో ధాన్యం కొలిచేవారు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనకుండా ‘లాభం’ అని, తరవాత ‘రెండు’ అనడం మీలో కొందరైనా విని ఉంటారు. అక్కడ మొదటి లెక్కకు శుభం పేరు పెట్టారు. ఇక్కడ మొదటి లెక్కే వదిలేశారు, దాంతో 64 గిద్దల కుంచంలో ఒక గిద్ద తరిగింది.

ఆ తరవాత గోడల మీద గోడలు. కొన్ని బయాస్‌లు 4096 వలయాల దగ్గర ఆగిపోవడంతో 2.1 గిగాబైట్లు. తలల సంఖ్యను మార్చి చెప్పే ఉపాయం ముగిసిన చోట 8.4 గిగాబైట్లు. 65,536 వలయాలకు మించి లెక్కించలేని బయాస్‌ల దగ్గర 33.8 గిగాబైట్లు. ఈ మూడో గోడ దాటలేని యంత్రాల కోసం తట్ట వెనక ఒక జంపరు పెట్టారు. అది తొడిగితే పెద్ద తట్ట కూడా తాను 32 గిగాబైట్లదాన్నే అని అబద్ధం చెబుతుంది. మూడు అంకెల గొడవ మానేసి అరలన్నిటికీ ఒకే వరుస సంఖ్య ఇచ్చే పద్ధతి వచ్చాక కొంత ఊరట. కాని ఆ సంఖ్యకు ఇచ్చింది 28 బిట్లు. 26 కోట్ల 84 లక్షల చిల్లర అరలు, అంటే 137 గిగాబైట్లు. విండోస్ లెక్కలో 128. దీన్ని దాటడానికి ఏటీఏ ఆరో ప్రమాణంలో 48 బిట్ల చిరునామా తెచ్చారు. విండోస్ ఎక్స్‌పీకి ఆ శక్తి 2002 సెప్టెంబరులో వచ్చిన మొదటి సర్వీస్ ప్యాక్‌తో అబ్బింది.

ఈ 137 గోడ నాకు పుస్తకాల్లో చదివింది మాత్రమే కాదు. 2005 ప్రాంతాల విజయనగరంలో నాకు తెలిసిన ఒక డీటీపీ కేంద్రంలో పాత తెలుగు పత్రికల సంచికలను స్కాన్ చేసి 160 గిగాబైట్ల తట్టలో దాచారు. కొత్త యంత్రంలో ఒకే భాగంగా ఫార్మాట్ చేసినందువల్ల అక్కడ 149 సక్రమంగానే కనబడింది. తరవాత ఆ తట్టను విండోస్ 2000 ఉన్న పాత యంత్రానికి తరలించి పని కొనసాగించారు. కొన్ని వారాలు ఏ ఇబ్బందీ లేదు. ఒక ఉదయం యంత్రం తట్టను ఫార్మాట్ చెయ్యమంటారా అని అడిగింది.

జరిగిందేమిటంటే, 28 బిట్లతో లెక్కపెట్టే యంత్రానికి 26 కోట్ల 84 లక్షల పైచిలుకు అరల తరవాతి అర చెప్పడానికి అంకె లేదు. పైబిట్టు రాలిపోతే మిగిలేది సున్న. కొత్త పుట వెళ్ళి తట్ట చివర కూర్చోవలసింది పోయి, తట్ట మొదట్లో ఉన్న విభాగాల పట్టిక మీద కూర్చుంది. తరవాతి పుటలు వరుసగా దాని వెనక. గాదె నిండాక పోసిన గింజలు నేల మీద పడితే కంటికి కనబడతాయి. ఇక్కడ అడుగున ఉన్న పాత గింజలను తినేశాయి, చప్పుడు లేకుండా. తట్టను 48 బిట్లు తెలిసిన యంత్రానికి తగిలించి, పట్టికను తిరిగి రాసి వెతికితే చాలా పుటలు దొరికాయి. మొదట్లో ఉన్నవి దొరకలేదు. వాటిలో కొన్నిటి అసలు ప్రతులు అప్పటికే చెదలపాలయ్యాయి.

శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు తనకు పురస్కారాలుగా వచ్చిన సొమ్ముతో 1997 ఫిబ్రవరి 22న కథానిలయం తెరిచారు. తెలుగు కథ అచ్చయిన ప్రతి పత్రికనూ, ప్రతి సంపుటినీ ఒకచోట చేర్చాలన్నది ఆ పెద్దాయన సంకల్పం. 2021 జూన్ 4న ఆయన వెళ్ళిపోయినా ఆ సంపద మనకు మిగిలింది. ఊరూరా ఇలా కాగితాన్ని కాపాడుకునేవారు చిన్న స్థాయిలో ఇంకా ఎందరో ఉన్నారు. కాగితానికి చెద పడితే తెలుస్తుంది, తీసి దులుపుతాం. తట్టలో పడిన చెదకు రంగూ వాసనా ఉండవు. అందుకే ఈ గోడల చరిత్ర సాంకేతిక నిపుణుల ముచ్చటగా మాత్రమే మిగలకూడదని నా మనవి.

గోడల కథ ముగిసిపోలేదు కూడా. 1983 నాటి విభాగాల పట్టిక అరల సంఖ్యకు 32 బిట్లే ఇచ్చింది. దాని ఎల్ల 2.2 టెరాబైట్లు. 2010లో మూడు టెరాబైట్ల తట్టలు రాగానే అదీ కూలింది. దాన్ని దాటడానికి జీపీటీ అనే కొత్త పట్టిక కావాలి. పాత యూఎస్‌బీ డబ్బాలో మూడు టెరాబైట్ల తట్ట పెడితే 746 గిగాబైట్లుగా కనబడటం నేటికీ ఎదురయ్యే వింత. మూడింటిలోంచి 2.2 తీసేస్తే మిగిలేది ఆ 746. అంటే మళ్ళీ అదే పైబిట్టు రాలిపోవడం.

కనుక తెర మీది తప్పు అంకెను చూసి కంగారుపడకుండా ముందు దాన్ని చదవండి. పెట్టె మీది అంకెకు ఏడు నుంచి పది శాతం తక్కువైతే కుంచం తేడా, చింత లేదు. 32 దగ్గర ఆగితే జంపరు చూడండి. 127, 128 దగ్గర ఆగితే బయాస్‌నూ, విండోస్ సర్వీస్ ప్యాక్‌నూ చూడండి. 746 లాంటి వింత అంకె అయితే డబ్బానో, డ్రైవరునో అనుమానించండి. రెండు టెరాబైట్ల దగ్గర ఆగితే విభాగాల పట్టికను చూడండి. కారణం తేలేదాకా ఆ తట్ట మీద ఒక్క అక్షరం కూడా రాయవద్దు, యంత్రం ఫార్మాట్ చెయ్యమన్నా ఒప్పుకోవద్దు. చదవడం వల్ల ఏమీ పోదు, రాయడం వల్లనే పోతుంది.

అంకె సరిగ్గా ఉన్నా నమ్మకూడని సందర్భం ఒకటుంది. అంగట్లో చవకగా దొరికే నకిలీ పెన్‌డ్రైవులు లేని సామర్థ్యాన్ని ఉన్నట్టు చూపిస్తాయి. నిండాక పాతదాని మీదే రాసుకుపోయేవి వాటిలో చాలా ఉన్నాయి. అడుగు పైకి నొక్కిన కుంచం లాంటివవి. కొత్తది కొన్నప్పుడు అంచుదాకా నింపి, తిరిగి చదివి సరిచూసుకున్నాకే దానికి విలువైనదేదైనా అప్పగించండి. మన తాతలు కుంచం చేతికిస్తే కొలిచే ముందు బోర్లించి, అడుగు తట్టి చూసేవారు.