గోదావరి డెల్టాలో ‘విశ్వాసపాత్రమైన’ క్రైస్తవ సంఘం: 1836 తరువాతి చరిత్రలో ఒక భావన

ప్రవేశిక

తెలుగులో ‘విశ్వాసం’ అనే మాట రెండు దారుల్లో నడుస్తుంది. దేవుణ్ణి నమ్మడం ఒక అర్థం. క్రైస్తవులు తమను ‘విశ్వాసులు’ అని చెప్పుకోవడం ఈ అర్థం నుంచి వచ్చింది. ఉప్పు తిన్న ఇంటిని మరవకపోవడం రెండో అర్థం. ‘విశ్వాసంగల నౌకరు’ అన్నప్పుడు, ‘విశ్వాసఘాతకుడు’ అని తిట్టినప్పుడు మనం పలుకుతున్నది దీనినే. క్రైస్తవ వేదాంతం సంఘపు విశ్వాసపాత్రతను సాధారణంగా మొదటి అర్థంతోనే కొలిచింది. సువార్త కల్తీ లేకుండా బోధింపబడే చోట, సంస్కారాలు సక్రమంగా జరిగే చోట సంఘం ఉన్నదని 1530 నాటి ఆగ్స్‌బర్గ్ విశ్వాస ప్రమాణం చెప్పింది. రాజమహేంద్రవరంలో లూథరన్ సంఘానికి పునాది ఈ ప్రమాణమే.

డెల్టాలోని సంఘాల చరిత్రను చదివేటప్పుడు రెండో అర్థం మరింత అక్కరకు వస్తుందని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. అయితే ప్రశ్నను తిప్పి అడగాలి. క్రైస్తవం స్వీకరించిన మాల, మాదిగ కుటుంబాలు మిషనుకు విశ్వాసంగా ఉన్నాయా అని మిషనరీలు తమ నివేదికల్లో అడుగుతూ వచ్చారు. కూటి కోసం మతం మారారన్న నింద ఆ ప్రశ్నకు మరో ముఖం. ఆ కుటుంబాలకు సంఘం విశ్వాసంగా ఉన్నదా, కష్టకాలంలో వారిని విడవకుండా నిలిచిందా అన్న ప్రశ్న మాత్రం అరుదుగానే వినిపించింది.

నరసాపురంలో నిలిచినవారు

1836లో ఆంథొనీ నోరిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండులోని బార్న్‌స్టేపుల్ పట్టణం నుంచి రెండు జంటలు ఈ దేశానికి బయలుదేరాయి. విలియం బౌడెన్ రాతిపనివాడు, జార్జి బీర్ చెప్పులు కుట్టేవాడు. వారి వెనుక జీతమిచ్చే సొసైటీ లేదు, గురుపట్టం లేదు. బ్రదరన్ శాఖవారు అటువంటి ఏర్పాట్లను కొత్త నిబంధన మాదిరికి విరుద్ధమని భావించారు. నరసాపురం, ఆ తరువాత పాలకొల్లు కేంద్రాలుగా వారు మొదలుపెట్టిన పని ‘గోదావరి డెల్టా మిషన్’గా పేరు పొందింది.

చెప్పులు కుట్టే వృత్తి చేసిన దొర ఒకడు బోధకుడై రావడాన్ని ఆనాటి గోదావరి జిల్లా ఎలా చూసి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. తోలు ముట్టినవారిని ఊరి వెలుపల ఉంచిన సమాజమిది. మిషన్ చరిత్రకారులు బీర్ పూర్వవృత్తిని అతని పేదరికానికీ వినయానికీ గుర్తుగా చెప్పి ముందుకు సాగిపోయారు. దానికి ఇక్కడ ఉండగల సామాజికార్థం వారి దృష్టికి రాలేదని నా అభిప్రాయం.

ధవళేశ్వరం వద్ద ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847 నుంచి 1852 వరకు ఆనకట్ట కట్టారు. వేలాది కూలీలు ఒకచోట చేరిన ఆ కాలంలో బ్రదరన్ బోధకులు అక్కడికి వెళ్ళి బోధించారు. కాటన్ కూడా వారికి అండగా నిలిచాడు. డెల్టాకు నీళ్ళు తెచ్చిన పని, డెల్టా పల్లెలకు సువార్తను చేర్చిన దారి కూడా అయింది. కాలువల వల్ల భూముల విలువ పెరిగింది. ఆ భూములు ఎవరి చేతుల్లో ఉన్నాయి, ఎవరు వాటిలో కూలికి దిగారు అన్నది వేరే వ్యాసానికి తగిన విషయం. సంఘంలో చేరినవారిలో అత్యధికులు మాత్రం ఆ కూలీ వర్గాలవారే.

బీర్ 1853లో, బౌడెన్ 1876లో మరణించారు. దాదాపు నాలుగు దశాబ్దాలపాటు బౌడెన్ ఇక్కడే ఉన్నాడు. వారి తరువాతి తరం కూడా ఈ డెల్టాలోనే పనిచేసింది. సిద్ధాంతపరంగా వారు కోరుకున్నది వాక్యానికి విధేయత. ఆచరణలో వారు చూపింది స్థిరనివాసం.

రాజమహేంద్రవరం: చేతులు మారిన సంఘం

రాజమహేంద్రవరంలో కథ ఇంత సూటిగా నడవలేదు. ఉత్తర జర్మన్ మిషనరీ సొసైటీ తరపున లూయీ వాలెట్ 1845లో ఇక్కడ పని ప్రారంభించాడు. 1848లో జర్మనీని కుదిపిన రాజకీయ సంక్షోభం, ఆర్థిక ఇబ్బందులు ఆ సొసైటీని కుంగదీశాయి. 1851 నాటికి అది రాజమహేంద్రవరాన్ని అమెరికన్ లూథరన్లకు అప్పగించి, పశ్చిమాఫ్రికాలోని తన పనిని మాత్రం నిలుపుకొంది. గుంటూరులో అప్పటికే ఆ అమెరికన్ల పని ఉంది. 1842లో కార్ల్ హేయర్ దానిని ఆరంభించాడు.

ఒక దశాబ్దం గడిచేసరికి అమెరికా అంతర్యుద్ధం (1861–65) వచ్చి పడింది. నిధులు తగ్గాయి, కొత్తవారు రాలేదు. సామర్లకోటలో ఉన్న ఆడం లాంగ్ 1866లో మశూచితో మరణించాడు. గుంటూరులో అనాంగ్స్ట్ ఒక్కడే మిగిలాడు. సరిగ్గా ఈ సమయంలోనే అమెరికాలోని లూథరన్లు విశ్వాస ప్రమాణాన్ని ఎంత ఖచ్చితంగా పాటించాలన్న వివాదంతో రెండుగా చీలారు. ప్రమాణానికి గట్టిగా కట్టుబడ్డవారు 1867లో ‘జనరల్ కౌన్సిల్’గా ఏర్పడ్డారు. సిద్ధాంతానికి విశ్వాసపాత్రంగా ఉండాలన్న పట్టుదల అక్కడ సంఘాన్ని చీల్చగా, ఇక్కడ గోదావరి ఒడ్డున ఉన్న సంఘం దిక్కులేనిదయింది.

1869లో రాజమహేంద్రవరం, సామర్లకోట కేంద్రాలను ఆంగ్లికన్ శాఖకు చెందిన చర్చ్ మిషనరీ సొసైటీకి అప్పగించాలన్న ఏర్పాటు జరిగింది. ఆ వార్త హేయరుకు చేరింది. 1793లో పుట్టిన ఆయనకు అప్పటికి డెబ్బై అయిదేళ్ళు. పెన్సిల్వేనియా లూథరన్ మహాసభ ముందు నిలబడి, తాను మళ్ళీ వెళ్తానని ముందుకు వచ్చాడు. 1869 డిసెంబరులో రాజమహేంద్రవరం చేరాడు. 1870, 71లలో ష్మిట్, పౌల్సెన్ వచ్చి బాధ్యత అందుకొన్న తరువాత తిరిగి వెళ్ళి, 1873లో మరణించాడు.

లూథరన్ సాహిత్యంలో ఇది పదే పదే చెప్పుకొనే ఘట్టం. ముసలి దేహంతో సముద్రాలు దాటి వచ్చినవాని ధైర్యాన్ని ఎవరూ కాదనలేరు. అయినా చరిత్ర విద్యార్థి ఒక చిక్కుముడిని ఇక్కడ గమనించాలి. చర్చ్ మిషనరీ సొసైటీ పరాయిదేమీ కాదు. 1843 నుంచే మచిలీపట్నంలో పాఠశాల నడుపుతూ, తెలుగు నేలపై వేళ్ళూనుకొన్న సంస్థ అది. రాజమహేంద్రవరం విశ్వాసులు ఆ సంస్థ నీడలోకి వెళ్ళి ఉంటే అనాథలయ్యేవారని చెప్పలేం. హేయర్ కాపాడాలనుకున్నది లూథరన్ సాక్ష్యాన్ని. ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ బోర్డుల మధ్య, సభల మధ్య నడిచాయి. ఒక సంఘం ఎవరికి చెందాలన్నది సముద్రాల అవతల తేలింది. అప్పటి పరిభాషలో అది ‘క్షేత్రం’, అంటే చేతులు మారగల పొలం. పొలాన్ని ఎవరూ అడగరు గదా!

అయినప్పటికీ, పాదిరులు లేని ఏళ్ళలో పల్లెల్లో ప్రార్థనలు ఆగిపోలేదంటే కారణం స్థానిక ఉపదేశకులు. ఈ క్షేత్రంలో తరువాతి కాలంలో మొదటి తెలుగు పాదిరులుగా అభిషేకం పొందిన తోట జోసెఫ్, నేలప్రోలు పౌలుస్ ఆ శ్రేణి నుంచి వచ్చినవారే. హేయర్ ప్రయాణానికి అధ్యాయాలు దక్కాయి. వీరికి ఒకటి రెండు వాక్యాలు దక్కాయి.

కాకినాడ: సంఘమే మిషనును పిలిచిన సందర్భం

రాజమహేంద్రవరం కథను తలకిందులు చేసే ఉదంతం కాకినాడలో ఉంది. తామస్ గాబ్రియేలు తంతి శాఖలో ఉద్యోగి. మొదట లూథరన్. పెద్దలకు ముంచడం ద్వారా బాప్తిస్మమివ్వడమే లేఖనానుసారమని నమ్మి బాప్టిస్టు అయ్యాడు. ఉద్యోగం వదలి కాకినాడలో సంఘాన్ని కూర్చాడు. విదేశీ మిషన్ అండ లేదు. బోధకుల పోషణకు డబ్బు చాలక అప్పుల్లో పడ్డాడు. చివరికి జాన్ మెక్లారిన్ ద్వారా కెనడా బాప్టిస్టులకు విజ్ఞప్తి చేశాడు. మెక్లారిన్ 1874 మార్చిలో కాకినాడ వచ్చాడు. 1875 జనవరి 1న గాబ్రియేలు కన్నుమూశాడు.

కెనడియన్ బాప్టిస్టు మిషన్ సొంత కేంద్రంగా పని మొదలుపెట్టినది ఇక్కడే. అంటే ఇక్కడ మిషన్ సంఘాన్ని స్థాపించలేదు. ఉన్న సంఘం మిషనును రప్పించుకొంది. హేయర్ కొలబద్దతో చూస్తే గాబ్రియేలు తన సంఘాన్ని వీడినవాడు. తన మనస్సాక్షి కొలబద్దతో చూస్తే వాక్యానికి లోబడినవాడు. కాకినాడ చుట్టుపక్కల కూడిన విశ్వాసుల వైపు నుంచి చూస్తే, అప్పులపాలైనా తమను వదలనివాడు. ఈ మూడింటిలో మూడోదానికే నేను ఎక్కువ విలువ ఇస్తాను. తన శక్తికి మించిందని తెలిసినప్పుడు సంఘాన్ని మరొకరి చేతికి అందించిన తీరులో కూడా ఆ నిబద్ధతే కనిపిస్తుంది. బోర్డులు చేసిన బదిలీకి, అతడు చేసిన బదిలీకి తేడా అదే.

ఒకే పాత్ర, పిడికెడు బియ్యం

సిద్ధాంత వివాదాల కంటె కఠినమైన పరీక్ష ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గర ఎదురైంది. ఒకే రొట్టెను విరచి, ఒకే పాత్రలోనిది తాగడమన్నది యూరప్‌లో ఆరాధనాక్రమానికి సంబంధించిన విషయం. డెల్టాలో అది కులానికి సంబంధించిన విషయం. బాప్తిస్మం కోరేవారు ఇతర కులాలవారితో కలిసి భుజించి కులాన్ని విడిచినట్టు చూపాలని 1850లో మద్రాసు మిషనరీ సమావేశం తీర్మానించింది. తమిళదేశంలోని లైప్జిగ్ లూథరన్లు అంత పట్టు పట్టలేదు. కులాన్ని లౌకికమైన భేదంగా భావించి ఓర్చుకొన్నారు.

అగ్రవర్ణాల నుంచి వచ్చినవారు కొద్దిమందే గనుక డెల్టాలో ఈ సమస్య మరో రూపం తీసుకుంది. అది మాల, మాదిగల మధ్య నిలిచింది. ఒకే మిషన్, ఒకే విశ్వాస ప్రమాణం, ఒకే పాటల పుస్తకం. ప్రార్థనాలయాలు మాత్రం అనేక ఊళ్ళలో మాలపల్లికి ఒకటి, మాదిగపల్లికి ఒకటి. విశ్వాస ప్రమాణం కోసం విడిపోగల శక్తి ఉన్న శాఖలు, ఈ ఎడం విషయంలో అంతటి పట్టుదల చూపలేదు. సంఘాల విశ్వాసపాత్రతపై చరిత్ర మోపగల అభియోగాల్లో ఇది బరువైనది.

మరోవైపు, ఈ పల్లెలవారే సంఘాన్ని పోషించారు. పూట పూటకు ఎసట్లో బియ్యం పోసేముందు స్త్రీలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేయడం తెలుగు సంఘాల్లో స్థిరపడిన ఆచారం. ఆదివారం ఆ బియ్యం గుడికి చేరేది. కోతల పండుగకు ధాన్యం, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి ఇస్తే, వాటిని వేలం వేసి ఆ సొమ్మును సంఘానికి జమకట్టేవారు. భూమి లేని కూలీ ఇంట్లో పిడికెడు బియ్యమంటే ఆ పూట ఒకరి కంచంలో తగ్గిన ముద్ద. కూటి కోసం మతం మారినవారన్న నిందకు ఈ కుండ కంటె గట్టి జవాబు లేదు. దాతల చిట్టాలు ఫిలడెల్ఫియాలో, టొరంటోలో అచ్చయ్యాయి. ఈ బియ్యానికి లెక్క రాసినవారు తక్కువ.

ఐక్యత, ఆ తరువాత

1927లో ఆంధ్ర ఇవాంజెలికల్ లూథరన్ సంఘం ఏర్పడింది. 1944లో ఇ. ప్రకాశం దాని తొలి భారతీయ అధ్యక్షుడయ్యాడు. 1947 సెప్టెంబరులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం కాగా, లూథరన్లు, బాప్టిస్టులు, బ్రదరన్లు దాని వెలుపలే ఉండిపోయారు. సంప్రదాయానికి విశ్వాసమా, ఐక్యతకు విశ్వాసమా అన్న పాత ప్రశ్న మళ్ళీ తలెత్తింది. వేదాంత విద్య దగ్గర మాత్రం శాఖలు కలవగలిగాయి. 1964లో రాజమహేంద్రవరం లూథర్‌గిరిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల ఉమ్మడిగా మొదలై, 1973లో హైదరాబాదుకు తరలింది.

అప్పటికే ఇంకొక కాగితం పల్లెల్లో దీనికంటె పెద్ద ప్రశ్న తెచ్చిపెట్టింది. 1950 నాటి షెడ్యూల్డు కులాల రాష్ట్రపతి ఉత్తర్వు ఆ హోదాను హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు, క్రైస్తవులకు లేదు. ఆంధ్రప్రదేశ్‌లో షెడ్యూల్డు కులాల నుంచి క్రైస్తవులైనవారిని 1970లో వెనుకబడిన తరగతుల ‘సి’ విభాగంలో చేర్చి ఒక శాతం కేటాయించారు. క్రైస్తవ తల్లిదండ్రులకు పుట్టిన ఒక విద్యార్థి హిందూమతంలోకి మారితే, కులస్థులు అంగీకరించిన పక్షంలో పూర్వకులం తిరిగి లభిస్తుందని 1976లో గుంటూరు మెడికల్ కాలేజీ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. దళిత క్రైస్తవులకు షెడ్యూల్డు కుల హోదా ఇవ్వాలని 2023 మార్చిలో రాష్ట్ర శాసనసభ తీర్మానించి కేంద్రాన్ని కోరింది.

ఈ చట్టస్థితిలో బాప్తిస్మపు రిజిస్టరు స్వభావమే మారిపోయింది. హేయర్, మెక్లారిన్ల కాలంలో అది సంఘపు ఎదుగుదలకు లెక్క. ఇప్పుడు అది ఒక పిల్లవాని సీటుకు, ఒక కుటుంబపు ఉద్యోగానికి వ్యతిరేకంగా నిలబడగల సాక్ష్యం కూడా. బడి పేరు ఒకటి, గుడి పేరు ఒకటిగా బతికే కుటుంబాలు డెల్టాలో అందరికీ తెలిసినవే. పేరు రాయమని పట్టుబట్టే పాదిరి సిద్ధాంతానికి విశ్వాసంగా ఉన్నట్టా? రాయకుండా ఊరుకొన్న పాదిరి తన మందకు విశ్వాసంగా ఉన్నట్టా? బయటివారు దీనిని కపటమని తేలికగా కొట్టివేస్తారు. గాబ్రియేలు అప్పులను, పిడికెడు బియ్యాన్ని గుర్తు పెట్టుకొన్నవారు అంత తొందరపడరు.

పరిశోధకులకు ఇందులో ఒక హెచ్చరిక కూడా ఉంది. జనగణన ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ జనాభాలో క్రైస్తవులు 1971లో 4.19 శాతం, 2011లో 1.34 శాతం. నాలుగు దశాబ్దాల్లో మూడింట రెండు వంతులు తగ్గిన ఈ వాటాను విశ్వాసం సడలిందనడానికి రుజువుగా చదవాలా, లేక 1950 నాటి ఉత్తర్వుకు పల్లెలు ఇచ్చిన జవాబుగా చదవాలా అన్నది జనగణన పట్టికలు మాత్రమే చూసి తేల్చగలిగింది కాదు. ఆదివారం ఉదయం పాలకొల్లు, అమలాపురం పరిసరాల పేటల్లో ప్రార్థనాలయాల ముందు విడిచిన చెప్పులను కూడా లెక్కించాలి.