ఒక పాత ఎరకు ప్రతిపదార్థం

“హెడ్డన్ డొవాజియాక్ మిన్నో, నంబరు 150. అయిదు గాలాలు. గాజు కళ్లు. కప్పు బిగింపు. అసలు రంగు, సన్న పగుళ్లు. పెట్టెతో సహా.”

అమెరికాలో పాత చేపల ఎరలు అమ్మేవాళ్లు రాసే వివరం దాదాపు ఇలాగే ఉంటుంది. ఎర అంటే ఇక్కడ వానపామో పిండిముద్దో కాదు, చేపను మోసగించడానికి కొయ్యతో చేసిన చేపబొమ్మ. దాని విలువ ఎంతో తేల్చే సమాచారమంతా ఈ కాసిని మాటల్లోనే ఉంది. పద్యానికి చెప్పుకున్నట్టు మాటమాటకూ అర్థం చెప్పుకోవాలి.

హెడ్డన్ డొవాజియాక్: జేమ్స్ హెడ్డన్ మనిషి పేరు, డొవాజియాక్ మిషిగన్ రాష్ట్రంలో ఆయన ఊరు. తేనెటీగల పెంపకంలో పేరు మోసినవాడు. చెరువు ఒడ్డున కూర్చుని కొయ్యముక్క చెక్కుతూ, దాన్ని నీళ్లలోకి విసిరితే బాస్ చేప ఎగిరి అందుకుందని కథ చెబుతారు. కథ సంగతి ఎలా ఉన్నా, 1890ల చివర ఆయన చేత్తో చెక్కిన కొయ్య కప్పలు ఇప్పటికీ కొన్ని మిగిలాయి. కొరమీను కోసం గాలానికి కప్పను గుచ్చే మన చెరువుల వాళ్లకు ఆ ఆలోచన కొత్తగా అనిపించదు.

నంబరు 150, అయిదు గాలాలు: పక్కకు రెండేసి, తోక దగ్గర ఒకటి. ఒక్కొక్కటీ మూడు కొనలది. ముందూ వెనకా తిరిగే చిన్న రెక్కలు ఉంటాయి. మూడు గాలాలు మాత్రమే ఉన్న దాని తమ్ముడు నంబరు 100. గాలాలు కొత్తవి తగిలించి ఉంటే ధర తగ్గుతుంది.

గాజు కళ్లు: కొయ్యలో గుంట తీసి అమర్చినవి. తర్వాతి కాలంలో ఖర్చు తగ్గించడానికి కళ్లను రంగుతో దిద్దేశారు. అందుకే గాజు కన్ను కనిపిస్తే కొనేవాడి చెయ్యి ముందుకు వస్తుంది. అలాగని కళ్లు లేని ఎరను తీసి పారేయకూడదు. 1902 ప్రాంతపు హెడ్డన్ ఎరల్లో కొన్నిటికి కళ్లే లేవు, అవి ఇంకా పాతవి.

కప్పు బిగింపు: గాలాన్ని కొయ్యకు తగిలించే చోట చిన్న గుంట, అందులో లోహపు కప్పు. కాలనిర్ణయానికి నేను అన్నిటికన్నా ముందు చూసేది దీన్నే. కప్పు తర్వాత ఎల్ ఆకారపు తీగ వచ్చింది, ఆ తర్వాత కొయ్య పైనే స్క్రూలతో బిగించే పట్టీలు వచ్చాయి. రంగు మళ్లీ వేయవచ్చు, పెట్టె మార్చవచ్చు. బిగింపు మార్చాలంటే మాత్రం కొయ్యను తొలవాలి, తొలిచిన గుర్తు దాగదు.

అసలు రంగు, సన్న పగుళ్లు: వ్యవహారమంతా ఇక్కడే తేలుతుంది. వార్నిషు వయసుతో బీటలు వారుతుంది. ఆ బీటల్ని లోపం అనుకుని సరిచేయబోయిన వాళ్లు వాటి విలువను తమ చేతులతోనే చెరిపేశారు. రంగు అసలుదో కాదో తెలుసుకోవడానికి మూడు చోట్లు చూడాలి. స్క్రూ తలల మీద, కప్పు అంచున రంగు పడి ఉంటే, బిగింపు తీయకుండా తర్వాత ఎవరో పూశారేమోనని అనుమానించాలి. గాలం కొనలు ఊగి కొయ్య మీద గీసే చాపాలు ఉన్నాయా? లోహం తుప్పు పట్టి, ఒళ్లు మాత్రం మెరుస్తూ ఉంటే ఆ రెండిటికీ పొంతన లేదు. చివరికి చీకట్లో అతినీలలోహిత దీపం కింద పెట్టి చూడాలి. కొత్త పూత చాలాసార్లు వేరేగా మెరుస్తుంది.

పెట్టె: తొలినాళ్లలో జరిపే మూత ఉన్న కొయ్యపెట్టె, తర్వాత అట్టపెట్టె. పెట్టె మీది నంబరూ ఎర నంబరూ ఒకటేనా అన్నదే ప్రశ్న.

అమ్మేవాళ్లు తరచుగా వాడే ‘అరుదు’ అన్న మాట ఈ వివరంలో లేదు. పాతదంతా అరుదు కాదు. ఇండియానాలోని గారెట్‌లో క్రీక్ చబ్ కంపెనీ పైకీ మిన్నోను దశాబ్దాల తరబడి చేసింది. అది ఎక్కడైనా దొరుకుతుంది. అదే ఎర ఎవరూ కొనని వింత రంగులో ఉంటే మాత్రం ధర మారిపోతుంది. ఒహాయోలో రైలీ హాస్కెల్ 1859లో పేటెంటు పొందిన రాగి చేపల్లో పెద్దది 2003లో వేలానికి వచ్చి 1,01,200 డాలర్లు పలికింది. అది అరుదు అంటే.

మిషిగన్‌లోనో ఒహాయోలోనో ఉన్న మన పిల్లలు ఏ గరాజ్ సేల్‌లోనో ఇలాంటి కొయ్యచేపను తీసుకుంటే ఒక మాట చెప్పండి: తడిగుడ్డతో కూడా తుడవవద్దు, మెత్తని ప్లాస్టిక్ పురుగు ఎరలతో కలిపి ఒకే పెట్టెలో ఉంచవద్దు. ఆ ప్లాస్టిక్ తగిలిన చోట రంగు కరిగిపోతుంది.