ఫ్లైట్ మోడ్ పుట్టుపూర్వోత్తరాలు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఎక్కడా విమానాశ్రయం లేదు. కానీ మ్యాపు మీద శంషాబాద్ నుంచి బెంగళూరు విమానాశ్రయం దాకా స్కేలు పెట్టి గీత గీసి చూడండి. ఆ గీత నాగర్‌కర్నూల్ పక్కగా వచ్చి, వనపర్తిని పడమట వదిలి, అలంపురం దగ్గర్లో కృష్ణనూ తుంగభద్రనూ దాటిపోతుంది. ఆ దారిన పోయే విమానాల్లో మన పిల్లలూ ఉంటారు. ఎర్రవల్లి చౌరస్తాలోనో కొత్తకోటలోనో హైవే ఎక్కి శంషాబాద్ చేరి, అక్కడి నుంచి దుబాయికో డల్లాస్‌కో పోయేవాళ్లు ఇప్పుడు మూడు జిల్లాల్లోనూ ఉన్నారు. సీట్లో కూర్చోగానే వాళ్లందరికీ వినిపించే మాట ఒకటే: ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టండి.

ఈ మాట మీద మన దగ్గర రెండు నమ్మకాలున్నాయి. ఫోన్ ఆన్‌లో ఉంటే విమానం కూలుతుందని కొందరు భయపడతారు. అదంతా ఉత్తదే, తను ఎన్నిసార్లు మర్చిపోయినా ఏమీ కాలేదని ఇంకొకరు ధీమాగా చెబుతారు. ఈ నిబంధన ఎక్కడ పుట్టిందో తెలుసుకుంటే రెండూ నిజం కావని తెలుస్తుంది.

సెల్‌ఫోన్ ఇంకా పుట్టనప్పటి కథ ఇది. 1954లో అమెరికాలో చేతిలో పట్టే ట్రాన్సిస్టర్ రేడియోలు వచ్చాయి. ప్రయాణికులు వాటిని విమానంలోకీ తెచ్చుకున్నారు. అప్పటి పైలట్లకు దారి చూపేది నేల మీది వీఓఆర్ కేంద్రాలు. 108 నుంచి 118 మెగాహెర్ట్జ్ మధ్య అవి పంపే సంకేతాన్ని పట్టుకుని, తమ విమానం ఏ దిక్కున ఉందో ముల్లు చూసి తెలుసుకునేవారు. దిగేటప్పుడు రన్‌వే నడిమి గీతను చూపే సంకేతం కూడా ఆ పట్టీలోనే వస్తుంది. ఎఫ్‌ఎం రేడియోలు ఆ సంకేతాలకు అడ్డొస్తున్నాయన్న అనుమానంతో పరీక్షలు మొదలయ్యాయి.

వినడానికే ఉన్న రేడియో అడ్డెలా వస్తుంది? పాత రేడియోలు విప్పి బాగుచేసినవాళ్లకు దీని జవాబు తెలుసు. స్టేషన్‌ను పట్టుకోవడానికి రేడియో లోపల చిన్న ఆసిలేటర్ ఒకటి నడుస్తుంటుంది. మామూలుగా ఎఫ్‌ఎం రేడియోలో అది మనం పెట్టిన స్టేషన్ కంటే 10.7 మెగాహెర్ట్జ్ పైన పనిచేస్తుంది. మనకు తెలిసిన స్టేషన్‌తోనే లెక్క వేసి చూడండి. హైదరాబాద్ ఎఫ్‌ఎం రెయిన్‌బో 101.9లో వస్తుంది. దానికి 10.7 కలిపితే 112.6. అది సరిగ్గా వీఓఆర్ పట్టీ నడుమ పడుతుంది. పాట వింటున్న ప్రయాణికుడికి తెలియకుండానే అతని చేతిలోని పెట్టె ఆ ఫ్రీక్వెన్సీలో సన్నగా తరంగాలు వదులుతుంటుంది. అవి బలమైనవేమీ కావు. అయితే నేల మీది కేంద్రం నుంచి పదుల కిలోమీటర్లు దాటి వచ్చే సంకేతమూ అంత బలంగా ఉండదు. దూరాన ఉన్న మనిషి చెప్పే మాటను పక్క మనిషి గొణుగుడు మింగేసినట్టు అవుతుంది.

1961లో అమెరికా విమానాల్లో ఎఫ్‌ఎం రేడియోలను నిషేధించారు. 1966లో ఇంకా విశాలమైన నియమం వచ్చింది. ప్రయాణికులు వెంట తెచ్చే ఏ ఎలక్ట్రానిక్ పరికరమైనా విమానం వ్యవస్థలకు అడ్డురాదని ఆ విమాన సంస్థే తేల్చుకోవాలి, అలా తేలేదాకా వాడనివ్వకూడదు. వినికిడి యంత్రం, గుండెకు పెట్టే పేస్‌మేకర్, మాటలు రికార్డు చేసే పరికరం, కరెంటు షేవర్ మాత్రం మినహాయింపు. నాకు ఈ నియమంలో బాగా నచ్చేది దాని నిజాయితీ. పరికరం ప్రమాదకరమని అది ఎక్కడా అనలేదు. హాని లేదని రుజువయ్యాకే వాడమంది. మన దేశంలో 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లో చేరిన 29బి నియమం నడిచిందీ ఇదే దారిలో.

సెల్‌ఫోన్ మీద నిషేధం వచ్చింది వేరే దిక్కు నుంచి, అదీ విమానం కోసం కాదు. అమెరికాలో 1991లో గాల్లో సెల్‌ఫోన్ వాడకూడదన్నది విమానయాన శాఖ కాదు, టెలికాం వ్యవహారాలు చూసే ఎఫ్‌సీసీ. దాని దిగులంతా నేల మీది టవర్ల గురించే.

ఇది అర్థం కావాలంటే మళ్లీ మన ఆకాశానికే రావాలి. నేల మీద నాగర్‌కర్నూల్ బస్టాండులో ఉన్న ఫోన్‌కు దగ్గరి టవర్లు కొన్నే అందుతాయి. మిగతావాటికి ఇళ్లూ గుట్టలూ చెట్లూ అడ్డం. అదే ఫోన్ నాగర్‌కర్నూల్ మీదుగా పది కిలోమీటర్ల ఎత్తున పోతుంటే దానికి అడ్డమేమీ ఉండదు. ఆ ఎత్తు నుంచి చూపు అన్ని వైపులా 350 కిలోమీటర్ల దాకా పోతుంది. హైదరాబాద్, కర్నూలు, అనంతపురం టవర్లన్నీ ఒక్కసారే దాని ఎదుట ఉంటాయి. ఒక టవర్ పరిధిలో కుదురుకునేలోపే విమానం గంటకు 800 కిలోమీటర్ల వేగంతో దాన్ని దాటేస్తుంది. పైగా మన తొలినాళ్ల సెల్‌ఫోన్లు నడిచిన జీఎస్‌ఎం పద్ధతిలో మామూలు టవర్ 35 కిలోమీటర్లకు మించి దూరాన ఉన్న ఫోన్‌తో మాట్లాడలేదు. ఫోన్‌కు ఇదేమీ తెలియదు. టవర్ అందడం లేదనుకుని తన శక్తి పెంచుకుంటూ పోతుంది. 900 మెగాహెర్ట్జ్‌లో జీఎస్‌ఎం ఫోన్ పూర్తి శక్తి రెండు వాట్లు.

ఆ రెండు వాట్ల ప్రభావం మనందరం చెవులారా విన్నదే. టేప్‌రికార్డర్ పక్కన పాత ఫోన్ పెడితే, కాల్ వచ్చే ముందు స్పీకర్‌లో గరగరమని చప్పుడు వచ్చేది. జీఎస్‌ఎం ఫోన్ సెకనుకు 217 సార్లు ఆగి ఆగి తరంగాలు పంపేది. ఆ దడ స్పీకర్ తీగల్లోకి దూరేది. పైలట్ల హెడ్‌సెట్లలోనూ అదే వినిపిస్తుంది. విమానం నేలకు దగ్గరైన వేళ, కంట్రోల్ టవర్ చెప్పే అంకె ఒకటి ఆ గరగరలో కొట్టుకుపోతే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు.

సెల్‌ఫోన్ వల్ల ప్రయాణికుల విమానం కూలిందని తిరుగులేకుండా రుజువైన కేసు నాకు తెలిసి లేదు. అయినా 2003 జూన్‌లో న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ దగ్గర చిన్న విమానం ఒకటి రన్‌వే చేరకముందే కూలి ఎనిమిది మంది పోయారు. పైలట్ ఫోనే ఆన్‌లో ఉండి, పరికరాలు తప్పు చూపడానికి కారణమై ఉండవచ్చని అక్కడి దర్యాప్తు సంస్థ రాసింది. ‘కావచ్చు’ అన్న మాటే దాటలేదు. ప్రాణాలతో ముడిపడిన పనిలో ఆ మాట చాలు.

2008 మార్చి 20న దుబాయి నుంచి కాసాబ్లాంకా పోతున్న ఎమిరేట్స్ విమానంలో తొలిసారి అనుమతితో సెల్‌ఫోన్ కాల్ జరిగింది. ఆ కాల్ ఎలా సాధ్యమైందంటే, విమానంలోనే చిన్న టవర్ పెట్టారు. టవర్ పక్కనే ఉండేసరికి ఫోన్ అతి తక్కువ శక్తితో పనిచేస్తుంది, నేల మీది టవర్ల జోలికి పోదు.

తర్వాత సడలింపులు త్వరగానే వచ్చాయి. 2013 అక్టోబరు చివర్లో అమెరికా, 2014 ఏప్రిల్‌లో మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఫ్లైట్ మోడ్‌లో ఉన్న పరికరాలను ప్రయాణమంతా వాడుకోనిచ్చాయి. కొత్త విమానాలకు తట్టుకునే శక్తి ఎంతో కొలిచి చూసిన ఫలితమది. 2018 డిసెంబరు నిబంధనలతో మన గగనతలంలో 3,000 మీటర్లు దాటాక ఇంటర్నెట్‌కు దారి పడింది. 2020లో విస్తారా విమానంలో వైఫై వచ్చింది.

ఇక కథ ముగిసిందనుకునేలోపు 5జీ వచ్చింది. విమానం నేలకు ఎంత ఎత్తున ఉందో చెప్పే రేడియో ఆల్టీమీటర్ 4.2 నుంచి 4.4 గిగాహెర్ట్జ్ మధ్య పనిచేస్తుంది. అమెరికాలో 5జీకి ఇచ్చిన పట్టీ దానికి దగ్గరగా జరిగింది. 2022 జనవరిలో ఎయిర్ ఇండియా అమెరికా సర్వీసులు కొన్ని రద్దయి, మనవాళ్లెందరో ఇబ్బంది పడ్డారు. మన దగ్గర 5జీకి ఇచ్చింది 3.3 నుంచి 3.67 గిగాహెర్ట్జ్. మధ్యలో ఎడం ఎక్కువే. అయినా రన్‌వే రెండు చివరల నుంచి 2.1 కిలోమీటర్ల దాకా, నడిమి గీత నుంచి 910 మీటర్ల దాకా ఆ పట్టీలో 5జీ టవర్లు పెట్టొద్దని టెలికాం శాఖ 2022 నవంబరులో కంపెనీలకు చెప్పింది.

ఇప్పుడు ఫోన్‌తో విమానానికి పెద్ద దిగులు తరంగాలది కాదు, బ్యాటరీది. 2025 జనవరిలో దక్షిణ కొరియాలోని బుసాన్‌లో బయల్దేరబోతున్న ఎయిర్ బుసాన్ విమానం కేబిన్‌లో మంటలు లేచి విమానం కాలిపోయింది. పవర్ బ్యాంకు మీదే అనుమానం పడింది. అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ఎమిరేట్స్ తన విమానాల్లో పవర్ బ్యాంకు వాడకం ఆపేసింది. 100 వాట్ అవర్ల లోపుది ఒక్కటి వెంట తెచ్చుకోవచ్చు, దానితో ఛార్జింగ్ మాత్రం చేయకూడదు. దుబాయి పోయేవాళ్లు సామాను సర్దేటప్పుడే ఇది చూసుకోవాలి. 20,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు సుమారు 74 వాట్ అవర్లు అవుతుంది కాబట్టి దానికి ఇబ్బంది లేదు. ఏ సంస్థ విమానమైనా దాన్ని చెక్-ఇన్ పెట్టెలో పెట్టకూడదు, చేతి సంచిలోనే ఉంచుకోవాలి. కింది అరలో పొగ లేస్తే ఎవరి చెయ్యీ అందదు, కేబిన్‌లో అయితే సిబ్బంది చూసి ఆర్పగలరు. ఫోన్ సీటు సందులోకి జారిపోయినా సీటును ముందుకూ వెనక్కూ కదపకుండా సిబ్బందిని పిలవాలి. ఇనుప భాగాల మధ్య నలిగితే బ్యాటరీ అక్కడే అంటుకుంటుంది.