1.23 వోల్ట్‌లు: టెలిఫోన్ స్తంభాల నుంచి మన మిక్సర్ దాకా

మన మొదటి మూడు వీడియోలు గుర్తున్నాయా? నా మాట కంటే వెనక "స్స్స్" అనే చప్పుడే ఎక్కువ. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విన్నవాళ్లకి సారీ! మైక్ పాడైందనుకుని కొత్తది కూడా కొనేశా. తీరా చూస్తే నా చిన్న మిక్సర్ ఇచ్చేది ఇంటి పరికరాల లెవెల్, అంటే 0.316 వోల్ట్‌లు. రికార్డర్ కోరుకునేది ప్రొఫెషనల్ లెవెల్, 1.23 వోల్ట్‌లు. దాదాపు నాలుగో వంతే వెళ్తోందన్నమాట. ఎడిటింగ్‌లో సౌండ్ పెంచితే దాంతోపాటు నాయిసూ పెరిగింది.

అసలు ఈ 1.23 ఏంటి? రౌండ్‌గా 1 పెట్టుకోవచ్చుగా? బీటెక్‌లో ఇంపీడెన్స్ మ్యాచింగ్ ఫార్ములా బట్టీ పట్టానే గానీ, ఈ కథ ఎవరూ చెప్పలేదు.

కథ అమెరికా టెలిఫోన్ స్తంభాల దగ్గర మొదలవుతుంది. స్తంభాల మీద పక్కపక్కనే రెండు రాగి తీగలు, మైళ్ల కొద్దీ. తీగ మందం, రెండిటి మధ్య దూరం బట్టి ఆ లైన్ ఇంపీడెన్స్ సుమారు 600 ఓమ్స్ వచ్చేది. అంటే 600 ఎవరో కూర్చుని ఎంచుకున్న నంబర్ కాదు. అంత పొడవు లైన్‌కి చివర్లో ఇంపీడెన్స్ కలవకపోతే సిగ్నల్ కొంత వెనక్కి తిరిగొస్తుంది, మన మాట మనకే ప్రతిధ్వనిగా వినిపిస్తుంది. అందుకే అటూ ఇటూ 600 పెట్టారు.

1920ల్లో రేడియో వచ్చింది. ఒక ఊరి ప్రోగ్రామ్ ఇంకో ఊరి స్టేషన్‌కి వెళ్లాలంటే టెలిఫోన్ లైనే దారి. దాంతో స్టూడియో పరికరాలు కూడా ఆ కొలతలకే అలవాటు పడ్డాయి. కానీ లెవెల్ మాత్రం తలో రకంగా కొలిచేవాళ్లు. చివరికి 1939లో బెల్ ల్యాబ్స్, సీబీఎస్, ఎన్‌బీసీ కలిసి వీయూ మీటర్ తెచ్చాయి. 600 ఓమ్స్‌లో 1 మిల్లీవాట్ వాళ్ల సున్నా. లెక్క వేయండి: 0.001 ఇంటూ 600, దాని వర్గమూలం 0.775 వోల్ట్‌లు.

మరి 1.23? నాకు బాగా నచ్చిన ముక్క ఇదే. మీటర్‌ని నేరుగా లైన్‌కి తగిలిస్తే అదే సౌండ్‌ని పాడుచేస్తుంది. అందుకని మధ్యలో 3600 ఓమ్స్ రెసిస్టర్ పెట్టారు. దాంతో ముల్లు సున్నా చూపించాలంటే లైన్ మీద 4 డెసిబెల్స్ ఎక్కువ కావాల్సి వచ్చింది. 0.775కి ఆ 4 కలిపితే 1.23! మీ ఆడియో ఇంటర్‌ఫేస్ వెనక రాసుండే "+4" ఇదే.

ఇప్పుడు 600తో పనిలేదు. 20 కిలోహెర్ట్జ్ అలకి కేబుల్‌లో కూడా కిలోమీటర్ల పొడవుంటుంది, మన కేబుల్ మూడు మీటర్లు. తిరిగొచ్చే గొడవే లేదు. అవుట్‌పుట్ వంద ఓమ్స్ అటూఇటూ, ఇన్‌పుట్ పదివేలు, అంతే. తీగలు పోయాయి, వోల్టేజ్ మాత్రం ఉండిపోయింది.

నా సంగతా? రికార్డర్ వెనక "-10" అని చిన్న స్విచ్ ఉంది. నొక్కా. కొత్త మైక్ ఇంకా బాక్స్‌లోనే ఉంది.