పారాణి నుండి ప్యాకెట్టు వరకు: పసుపు సూచిక కథ

పసుపులో సున్నం కలిపితే ఎరుపు వస్తుందని మన ఇండ్లలో ఎరుగనివారుండరు. పెండ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఈ కలయికతో తయారయ్యేవే. పసుపు మరక పడిన తెల్లబట్టకు సబ్బు రుద్దితే మరక ఎర్రబడుతుంది; నిమ్మరసం పిండితే మళ్ళీ పసుపుపచ్చనవుతుంది. సున్నానికి, సబ్బుకు క్షారగుణం కలదు, నిమ్మరసం ఆమ్లం. కాబట్టి పసుపు ఆమ్లక్షారాలను వేరుచేసి చూపే సూచిక. లోపలి ఆహారం చెడినదో లేదో ప్యాకెట్టు పైనుండే తెలిపే పలుచని పొరలకు నేడు ఈ గుణమే ఆధారమైనది.

రంగుల మార్పును క్రమబద్ధంగా పరిశీలించిన తొలి శాస్త్రజ్ఞులలో రాబర్ట్ బాయిల్ ముఖ్యుడు. 1664లో ప్రకటించిన గ్రంథంలో ఆయన, వయొలెట్ పూల పానకం ఆమ్లంలో ఎరుపుగాను, క్షారంలో ఆకుపచ్చగాను మారుతుందని వివరించినాడు. 1815లో వోగెల్, పెల్లెటియే అనే శాస్త్రజ్ఞులు పసుపుకొమ్ము నుండి రంగు పదార్థాన్ని వేరుచేసి దానికి కర్కుమిన్ అని పేరుపెట్టినారు. 1909లో సోరెన్సన్ ఆమ్లక్షారాల తీవ్రతను కొలిచే పి.హెచ్. మానాన్ని ప్రవేశపెట్టినాడు. మరుసటి సంవత్సరమే కర్కుమిన్ అణునిర్మాణం తేలినది. పి.హెచ్. సుమారు 7.4 దాటగానే దీని పసుపు రంగు ఎరుపు వైపు మళ్ళుతుంది.

ఈ కథతో కడప జిల్లాకు దగ్గరి సంబంధం కలదు. తుంగభద్ర నీటిని సుంకేసుల నుండి తెచ్చే కర్నూలు–కడప కాలువను 19వ శతాబ్దంలో ఒక ప్రైవేటు కంపెనీ త్రవ్వించగా, 1882లో ప్రభుత్వం కొన్నది. ఈ కాలువ నీరు పారే పొలాలలో పసుపు పండిస్తారు. మైదుకూరు, టేకూరుపేట అనే ఊళ్ళ పేర్లు పసుపు రకాల పేర్లుగా వ్యవసాయ గ్రంథాలలో స్థిరపడినవి.

ఇక పొర పనిచేసే విధం చూద్దాం. చేప, మాంసం నిలువ ఉన్నప్పుడు సూక్ష్మజీవులు అందులోని మాంసకృత్తులను, ఇతర నత్రజని పదార్థాలను విచ్ఛిన్నం చేస్తవి. అప్పుడు అమ్మోనియా, అమీనులు అనే వాయువులు వెలువడుతవి. సముద్రపు చేప చెడినప్పటి దుర్వాసనకు ట్రైమిథైల్ అమీన్ ముఖ్యకారణం. ఇవన్నీ క్షారగుణం కలవి. స్టార్చి, జెలటిన్, లేదా రొయ్యల పెంకుల నుండి తీసే కైటోసాన్ వంటి పదార్థంలో కర్కుమిన్ కలిపి పలుచని పొరగా ఆరబెడతారు. దానిని ప్యాకెట్టు లోపల అంటిస్తే, ఆ వాయువులు పొరలోని తేమలో కరిగి దానిని ఎర్రబరుస్తవి. పాలు చెడినప్పుడు మాత్రం ఆమ్లం పుడుతుంది. అక్కడ పసుపు పనికిరాదు. శంఖపుష్పం, మందారం వంటి పూల రంగులు కావాలి. వీటి వర్ణకాలైన ఆంథోసయనిన్‌ల రసాయనాన్ని 1913 నుండి వెలికితీసిన విల్‌స్టాటర్‌కు, పత్రహరితం మున్నగు వృక్షవర్ణకాల పరిశోధనలకుగాను, 1915లో నోబెల్ బహుమతి లభించినది.

ఇంత సులువైనప్పుడు అంగళ్ళలో ఇవి ఎందుకు విరివిగా కనిపించవు? పసుపు మరకను ఎండలో ఆరవేస్తే వెలిసిపోవడం మన స్త్రీలెరిగినదే. వెలుతురులో పొర కూడ అలాగే వెలుస్తుంది. అంతకంటె పెద్ద చిక్కు మరొకటి కలదు. వాయువు పోగానే ఎరుపు తిరిగి పసుపు కావచ్చును. చెడిన చేప మంచిదిగా కనిపించే ప్రమాదం ఇక్కడున్నది. పైగా, ఇటువంటి వాయువులు పుట్టించకుండానే హాని చేసే సూక్ష్మజీవులను ఈ పొర పట్టుకొనలేదు.

ఈ విషయంలో పోలియో చుక్కల సీసా మంచి పాఠం నేర్పుతుంది. 1996 నుండి దానిపై వేడిని లెక్కించే గుర్తు వాడుకలోకి వచ్చినది. వలయం మధ్యనున్న తెల్లని చదరం వేడి సోకినకొలది నల్లబడుతుంది; వలయమంత నలుపెక్కిన మందును పారవేయాలి. చల్లబరచినా ఆ నలుపు వెనుకకు పోదు. అందుకే ఆరోగ్య కార్యకర్త దానిని నమ్మగలదు. రంగు మారడం పాత సంగతే. మారిన రంగును నమ్మదగినదిగా చేయడమే మిగిలిన పని.

వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటే కర్నూలు, కడప ప్రాంతాలకు సముద్రపు చేపలు ఎంతో దూరం నుండి మంచులో రావాలి. దారిలో మంచు కరిగినదో లేదో కొనేవానికి తెలియదు. ఇటువంటి చోట నమ్మకమైన సూచిక విలువ చెప్పనక్కరలేదు.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. పసుపును స్పిరిట్‌లో కలిపి వడకట్టి, అందులో వడపోత కాగితం ముంచి ఆరబెట్టండి. దానిని తడిపి అమ్మోనియా సీసా మూతివద్ద పట్టుకొంటే ఎర్రబడుతుంది. గాలిలో ఉంచితే క్రమంగా పసుపుపచ్చనవుతుంది. వాయువును పీల్చకుండ జాగ్రత్తపడాలి. మారిన రంగు వెనుకకు పోకుండ చేయడమెట్లా అని పిల్లలను అడగండి. ప్రయోగశాలలలో శాస్త్రజ్ఞులు నేడు వేసుకొంటున్న ప్రశ్నలలో అదీ ఒకటి.